నీడలో ఒగ్గీ

తుఫాను దాటిన మూడో రోజు
కంచరపాలెం మెట్టు దగ్గర
కార్పొరేషన్ వాళ్ళు నిద్రగన్నేరును ముక్కలు చేస్తుంటే
రంపపు పొట్టు నా డ్యూటీ బూట్ల మీద రాలింది,
తడిగా, వెచ్చగా,
పచ్చి వేరుశనగ వాసనతో.

ట్రాక్టరతనికి ఎనిమిది వందలిచ్చాను.
"కట్టెలకా అమ్మా?"
"బల్లకి."
నవ్వాడు.

మర్రిపాలెం సామిల్లులో అంగుళంన్నర మందాన తొమ్మిది పలకలు తేలాయి.
అంచున మీగడ, నడుమ బెల్లప్పాకం.
నాలుగో దాంట్లో మేకొకటి రంపానికి తగిలింది:
ఎప్పటిదో ట్యూషన్ బోర్డు కొట్టిన మేకు.
దాని చుట్టూ చెట్టు
ఇరవయ్యేళ్ళు నల్లగా ఊరుకుంది.
బ్లేడు ఖర్చు నా లెక్కలోనే రాశారు.

ఫిషింగ్ హార్బర్లో పడవలకు పక్కటెముకలు బిగించిన నూకాచారి గారు
లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి చూశారు.
"ఎండలో ఎట్టీకమ్మా. నీడలో ఒగ్గీ.
గాలికి దారుంటే సాలు,
మిగతాది అదే సూసుకుంటాది."

బెరడు ఒలిచాం, పురుగు అక్కడే కాపురం పెడుతుందట.
కొసలకు గేటు పెయింటు మిగిలింది పూశాం,
నీలం మూతులేసుకున్నాయి తొమ్మిదీ.
మెట్ల కింద ఇటుకలు పేర్చి,
నీళ్ళ గొట్టంతో మట్టం చూసి,
పలకకీ పలకకీ నడుమ ముప్పావంగుళం బద్దలు
ఒకదాని నెత్తిన ఒకటి, వరస తప్పకుండా.
అన్నిటి పైనా
ఎవరూ రుబ్బని రోలు.

ఆ రోజు నుంచి ముకుంద్ స్కూటరు వీధిలోనే పడుకుంటోంది.

మాట వినలేదు నేను.
మే నెలలో ఒక పలకను డాబా మీద ఎండబెట్టాను,
త్వరగా తెములుతుందని.
మూడో రాత్రి టప్పుమంది.
గ్యాస్ స్టవ్ అనుకుని లేచాను.
తెల్లారి చూస్తే పెదవి నుంచి నడుము దాకా చీలిక,
నా అరచెయ్యి దూరేంత.
దాన్ని పారెయ్యలేదు. కుప్ప పక్కనే నిలబెట్టాను.

నెలకోసారి అడుగు పలకను లాగి
చిట్టెమ్మ కొట్టుకు మోసుకెళ్తాను,
ఉల్లిపాయల కాటా మీద తూచడానికి.
పదమూడు కిలోలు.
పదకొండూ నాలుగొందలు.
తొమ్మిదిన్నర.
"బిడ్డలు పెరగాల గదా,
నీది తరిగిపోతందేటి?"
చాక్‌తో గోడ మీద రాసుకుంటాను.
ఎటు పోతుందో ఆ నీళ్ళన్నీ!
నాలుగు బిందెలైనా ఉండవూ, తొమ్మిదింటికీ కలిపి?
మెట్లు దిగే మా పాదాల కిందుగా,
ఒక్క చుక్కయినా నేల మీద పడకుండా.

పోర్టు బొగ్గు నుసి మాత్రం
రోజూ వచ్చి కూర్చుంటుంది.
వేలితో గీస్తే
కింద మళ్ళీ ఆ బెల్లం రంగు.

సాయంత్రం ఆరింటికి ఆకులు ముడిచే చెట్టు అది.
ఇప్పటికీ ఆ వేళకు
పలకల సందుల్లో గాలి చప్పుడు తగ్గినట్టుంటుంది.
నేను అనుకోవడమే కావచ్చు.
షిఫ్టు దిగొచ్చిన చెవులు ఏవేవో వింటాయి.

ఎనిమిదీ రెండొందలు.
మళ్ళీ ఎనిమిదీ రెండొందలు.
టేపు తీసి బల్ల కొలతలు గీసుకున్నాను.
ఆగస్టులో ఎనిమిదీ మూడొందల యాభై!

కాటా తప్పా అని చిట్టెమ్మ మీద ఎగిరాను.
నూకాచారి గారు బీడీ ఆర్పేసి
వేలి కణుపుతో కొట్టారు, చెవి ఆనించారు.
"పలుకుతాంది పలక.
తాగిందిలే కూసింత. సముద్రం పక్కనున్నోళ్ళం,
మనమేటి పూర్తిగా ఆరిపోతామా?"

మరి కోసెయ్యనా అంటే
రోలు వైపు చూసి
"ఇంకో సలికాలం" అన్నారు.

చీలిన దాన్ని అడిగి తీసుకెళ్ళారు,
కోళ్ళ గూటికి తలుపట.
నేను మెట్ల కింద వంగి
బద్దలు సరిచేసి
గోడ మీద మరో గడి గీశాను.
స్కూటరు మీద కవరు కప్పడం మర్చిపోయామని
అప్పుడు వాన మొదలయ్యాక గుర్తొచ్చింది.